జెల్లకు కట్టిన పురిటి గుడ్డ

చేప కడుపు మీద బొటనవేలు ఆనించి, మెల్లగా తోక వైపు జరుపుకుంటూ పోయి, అది ఆడదో మగదో, గుడ్లు పండటానికి ఇంకెన్నాళ్లు పడుతుందో చెప్పగలిగిన మనిషి సాగర్ వెనకనీళ్ల మీద ఒక్కడే మిగిలాడు. పేరు తిరుపతయ్య. వయసు అరవైకి ఒకటో రెండో తక్కువ. ఆ విద్య ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. వల లాగి, ఐసు పెట్టెల్లో కుక్కి, లారీ ఎక్కించే కాలంలో చేప ఆడదైతే ఎవడికి, మగదైతే ఎవడికి?

అతనుండేది పాతరేవు. మాచర్ల నుంచి అనుపు వైపు వెళ్లే రోడ్డు దిగి, నాపరాళ్ల గుట్టలు దాటితే నీటి అంచున ముప్పై గడపల పల్లె. పొద్దున్నే అతను పుట్టి వేసుకొని నీళ్ల మీదికి పోతాడు. అతని భార్య నాగమ్మ కత్తిపీట సంచిలో పెట్టుకొని మొదటి ఆటోలో మాచర్ల చేపల బజారుకు పోతుంది. పట్టేది అతను, కోసేది ఆమె. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అతను చేపను పైనుంచి చూశాడు, ఆమె లోపల్నుంచి చూసింది. ఇద్దరికీ కలిపి తెలిసినంత, పుస్తకాలు చదివినవాళ్లకు కూడా తెలియదు. అయినా ఏం లాభం.

వాళ్లకు పిల్లల్లేరు. ఒకడు పుట్టి పోయాడు.

తిరుపతయ్య వల వెయ్యడు. గాలాల తాడు వేస్తాడు, అదీ గుంటజెల్ల కోసమే. పొలుసు లేని చేప అది. పొడుగాటి మీసాలు. రెక్క మొదట్లో ముల్లు, గుచ్చుకుంటే మూడు రోజులు చెయ్యి వాచిపోతుంది. ఏడాదంతా పాత కృష్ణ పారిన లోయలో, ఇరవై బారల అడుగున, వెలుతురు చేరని చోట పడి ఉంటుంది. ఎండాకాలం చివర్న మాత్రం పైకి వస్తుంది, గుడ్లు పెట్టడానికి. డ్యాం కట్టకముందు ఏటి ఒడ్డుగా ఉన్న గులకరాళ్ల తిన్నె ఒకటి, సాగర్ నీళ్లు బాగా తగ్గినప్పుడు మూడు బారల లోతున ఉంటుంది. మగజెల్ల ముందు అక్కడికొచ్చి, తోకతో కొట్టి కొట్టి బండిచక్రమంత గుంట చేస్తుంది. రాళ్ల మీది బురదంతా ఊడ్చేస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి తన దారిన తాను మళ్లీ లోతుకు పోతుంది. కాపలా మగదానిది. పిల్లలు సొంతంగా ఈదే దాకా ఆ గుంట మీదనుంచి కదలదు, తిండి ముట్టదు. పొరపాటున రెక్కకు గాలం తగులుకొని వచ్చినదాన్ని కోసి చూస్తే పేగుల్లో ఇసక రేణువు కూడా ఉండదు.

ఆ తిన్నెకు పైన ఆనవాలు లేదు. ఎక్కడ చూసినా నీళ్లే. తిరుపతయ్యకు తండ్రి చూపించాడు. పడమటి గుట్ట మీద చీలిన బండ, దాని వెనక మోడు తాటిచెట్టు ఒక వరసలోకి రావాలి. తూర్పున రెండు కొండల మధ్య సందు సన్నంగా తెరుచుకోవాలి. రెండూ కుదిరిన చోట పుట్టి ఆపి, తాడు కట్టిన సీసపు గుండును నీళ్లలోకి వదులుతాడు. గుండు అడుగున మైనం అద్ది ఉంటుంది. కింద ఏముంటే అది మైనానికి అంటుకొని పైకొస్తుంది. కడిగిన గులక అంటితే జెల్లలు వచ్చినట్టు. బురద అంటితే రానట్టు. ఇంటికొచ్చాక నాగమ్మ అడిగేది ఒకటే మాట, గులకా బురదా అని.

తండ్రి చూపించిన దానితో పాటు ఒక కట్టుబాటు కూడా అప్పజెప్పాడు. పట్టిన జెల్లను మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఆనించి చూడాలి. మూర దాటకపోతే అది ఇంకా ఈడేరలేదు, తిరిగి నీళ్లలో వదిలెయ్యాలి. పాతరేవులో ఒకప్పుడు అందరూ అట్లాగే చేసేవాళ్లు. ఇప్పుడు తిరుపతయ్య ఒక్కడే చేస్తాడు. చేప పక్కన చెయ్యి చాచి కొలుస్తుంటే కుర్రాళ్లు నవ్వుతారు, జాకెట్టుకు కొలతలు తీసుకుంటున్నావా తాతా అని.

మొదట తేడా కనిపెట్టింది నాగమ్మ. ఐదారేళ్ల కింద, వలల వాళ్లు తెచ్చిన కుప్పలోంచి జానాబెత్తెడు జెల్లను తీసి పొట్ట చీరితే లోపల జన కనపడింది. పచ్చగా, నిండుగా, పండిన గుడ్లు. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకోటి కోసింది. దానిలోనూ ఉంది. ఆ సాయంత్రం రెండు జనలూ ఆకులో చుట్టుకొని ఇంటికి తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఇంత పిల్లదానికి గుడ్లేందయ్యా?"

తిరుపతయ్య వేలితో కెలికి చూశాడు. మూర కూడా లేని చేప తల్లవడం అతని తండ్రి చూడలేదు, తాత చూడలేదు.

దానికి జవాబు ఉష చెప్పింది. ఉషది నరసరావుపేట. చేపల చదువులో పరిశోధన చేస్తోంది. జెల్ల ఏ పొడవుకు, ఏ వయసుకు ఈడేరుతుందో తేల్చడం ఆమె పని. నెలకు రెండుసార్లు మాచర్ల వచ్చి నాగమ్మ కత్తిపీట పక్కన చిన్న పీట వేసుకొని కూర్చునేది. నాగమ్మ కోసిన ప్రతి జెల్ల పొడవూ రాసుకొని, కడుపులోది తూకం వేసుకొని, రెక్క ముల్లు కాగితం కవర్లో వేసుకునేది. ముల్లును సన్నగా అరగదీసి అద్దం కింద పెడితే చెట్టు మొద్దులో లాగా ఏటికొక గీత కనపడుతుందట. తను రాని రోజుల్లో రాయమని ఒక ఇనపస్కేలు, గళ్ల నోటుపుస్తకం తిరుపతయ్యకు ఇచ్చింది. అతను ఐదో తరగతి అక్షరాలతో బుద్ధిగా రాసేవాడు.

పెద్ద చేపలన్నిటినీ పట్టేస్తున్నారు బాబాయ్, అని చెప్పింది ఉష. పెరిగి పెద్దయ్యేదాకా ఆగిన చేప గుడ్డు పెట్టకుండానే చస్తోంది. తొందరపడి చిన్నప్పుడే పెట్టినవే మిగులుతున్నాయి. వాటి గుడ్లు కొంచెం, అవీ సన్నం. వాటికి పుట్టినవి ఇంకా తొందరపడతాయి. మూరన్నర దాటిన ఆడది ఒక్కటి పెట్టే గుడ్లు ఇట్లాంటివి ముప్పై కలిసినా పెట్టలేవు.

నాగమ్మ కత్తి ఆపకుండానే అంది. "అయితే మనకన్నా ముందు వాటికే తెలిసిందన్నమాట, రోజులు బాగోలేవని."

అట్లాంటి పెద్ద ఆడది ఒకటి తిరుపతయ్యకు బాగా తెలుసు. రెండుసార్లు అతని గాలానికి పడింది. రెండుసార్లూ కడుపు నొక్కి చూసి వదిలేశాడు. మొదటిసారి గాలం పీకేటప్పుడు పై పెదవి చీలింది. ఏడేళ్ల తర్వాత మళ్లీ పడ్డప్పుడు ఆ చీలిక చూసే గుర్తుపట్టాడు. అప్పుడు దాని కడుపు పుట్టి అంచుకు ఆనుకునేంత బరువుగా ఉంది. ఇంటికొచ్చి చెప్తే నాగమ్మ మూతి తిప్పింది, నాకన్నా ఎక్కువ ప్రేమగా చెప్తున్నావు దాని సంగతి అని. అప్పట్నుంచి ఆ చేప ఆమెకు అక్క అయింది. ఎండాకాలం రాగానే వేళాకోళంగా అడిగేది, మా అక్క ఎట్టుందయ్యా, కనపడిందా అని.

తిన్నె మీద మూడు నెలలు వల పడకుండా చేస్తే చాలు అనుకున్నాడు తిరుపతయ్య. లోతులో ఎవరూ ఏమీ చెయ్యలేరు, తిన్నె మీదే అవి దొరికిపోతాయి. ఉష మత్స్యశాఖకు కాగితం పెట్టింది. పైవాళ్లు మంచి ఆలోచనే అన్నారు. రిపోర్టు పూర్తి చేసి లెక్కలతో సహా ఇస్తే చూద్దామన్నారు. లెక్కలు ఎప్పటికవుతాయని తిరుపతయ్య అడిగితే ఆ పిల్ల తల వంచుకొని, ఇంకో రెండేళ్లు పడుతుంది బాబాయ్ అంది. రెండేళ్లంటే రెండు ఎండాకాలాలు. అలివి వలలు అప్పటికే అనుపు దగ్గరికి వచ్చేశాయి. దోమతెర లాంటి వల అది. మైలు పొడుగు పరిచి రెండు మరబోట్లు ఒడ్డుకు లాక్కొస్తే వెనక పురుగు కూడా మిగలదు. వద్దని చట్టం ఉంది. చట్టం మాచర్లలో ఉంటుంది, వల నీళ్లలో ఉంటుంది.

అప్పుడే అతనికి పురిటి గుడ్డ గుర్తొచ్చింది.

పాతరేవులో ప్రతి మనిషికీ నీళ్లలో ఒక చోటు ఉండేది, పొలం గట్టున్నట్టు. ఇంట్లో పురుడైతే మగవాడు పదకొండు రోజులు నీళ్ల మీదికి పోకూడదు. అన్నాళ్లు అతని చోటు వేరేవాళ్లు ఆక్రమించకుండా, ఎండిన సొరబుర్రకు పసుపులో ముంచిన గుడ్డ కట్టి, రాయి బరువు పెట్టి అక్కడ తేలేసేవాళ్లు. ఆ గుడ్డ కనపడితే ఎంత ఆకలిగా ఉన్నవాడైనా పుట్టి తిప్పుకొని పోయేవాడు. పాపమని కాదు, సిగ్గని. ఇప్పుడు పురుళ్లన్నీ ఆసుపత్రిలో, మూడో రోజుకే మొగుడు మరబోటులో. గుడ్డ కట్టినవాడు లేక ఇరవై ఏళ్లయింది.

తిరుపతయ్య జీవితంలో ఒక్కసారి కట్టాడు. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది దానికి. నాలుగో రోజున తనే వెళ్లి విప్పుకొచ్చాడు. నీళ్ల మీద గుడ్డ లేకపోవడం చూసి ఊరంతటికీ అర్థమైంది, ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజే గాలాలు వేశాడు. చేపలు విరగబడ్డాయి. ఆ మాట ఈ రోజుకీ నాగమ్మతో అనలేదు.

పోయిన మే నెలలో, సీసపు గుండుకు కడిగిన గులక అంటిన రోజు, కొత్త సొరబుర్ర తెచ్చి పసుపు గుడ్డ కట్టి తిన్నె నడిమధ్య వదిలాడు. గాలికి ఊగుతూ, ఎంత దూరం నుంచైనా కనపడేటట్టు.

ఊళ్లో నవ్వారు. నాగమ్మ అన్న కొడుకు శివ మరీ ఎక్కువ నవ్వాడు. శివకు ముప్పై ఏళ్లు, ఇద్దరు పిల్లలు, అలివి వల యజమాని దగ్గర మరబోటు నడుపుతాడు. రేవులో పుట్టి బోర్లించుకుంటున్న తిరుపతయ్య దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఏంది మామా, నీళ్ల మీద గుడ్డ కట్టావంట. ఎవరికి పురుడు? మా అత్తకా?"

"జెల్లకి."

"మంత్రసానివి నువ్వేనా?"

"కాదురా. పక్కన కూర్చునేవాణ్ణి."

శివ నవ్వు ఆపి, పిచ్చి ముదిరింది మామా నీకు, అంటూ లేచిపోయాడు. కానీ పోతూ పోతూ ఒకసారి నీళ్ల వైపు చూశాడు. ఆ చూపును తిరుపతయ్య గమనించాడు. వీడికి సిగ్గుంది, గుడ్డ చూశాడు, ఇక అటు రాడు అనుకున్నాడు. మనిషి అంత అమాయకంగా ఎట్లా ఉంటాడో అర్థం కాదు. తండ్రి కాలంలో తిన్నె ఎక్కడుందో అందరికీ తెలుసు, గుడ్డ చేసేది ఆపడం ఒక్కటే. ఇప్పుడు ఆ చోటు తెలిసినవాడు తిరుపతయ్య ఒక్కడే. ఆ ఒక్కడూ రెండు కొండల గీతలు, చీలిన బండ, మోడు తాటిచెట్టు అన్నీ కలిపి నీళ్ల మీద ఒక పచ్చని చుక్క పెట్టి వచ్చాడు.

మూడు వారాలు రోజూ వెళ్లి చూశాడు. గుడ్డ ఊగుతోంది. మైనానికి గులక అంటుతోంది. ఒకరోజు నీళ్లు తేటగా ఉంటే కింద నల్లటి నీడలు మెల్లగా తిరగడం కూడా కనపడింది. ఇంకో పదిహేను రోజులు. అంతే కావాలి అతనికి. ఇంటికొచ్చి నాగమ్మతో చెప్పాడు, మీ అక్క వచ్చినట్టే ఉందే అని.

మృగశిర వచ్చింది. కార్తె మొదటిరోజు చేప తినాలని పల్నాడంతా మార్కెట్ల మీద పడుతుంది. ఏడాదంతా చేప వైపు చూడనివాళ్లు కూడా ఆ రోజు సంచి పట్టుకొని వస్తారు. జన ఉన్న చేపకు మరీ గిరాకీ. గుడ్లు పెట్టే కాలానికి సరిగ్గా ముందు రోజు ఎంచి పెట్టినట్టు ఉంటుంది ఆ పండగ. నాగమ్మ ఒక్కతే కోయలేదు. ఏటా ముందురోజు మధ్యాహ్నమే తిరుపతయ్య కూడా మాచర్ల వెళ్లి, ఐసు మోసి, బూడిద సిద్ధం చేసి, ఆమె పక్కన ఉంటాడు. ఈసారీ వెళ్లాడు. తిన్నె మీద గుడ్డ ఉంది కదా.

తెల్లారి ఎనిమిదింటికి బజారులో కాలు పెట్టే సందు లేదు. అనుపు నుంచి వచ్చిన వ్యాను వెనక తలుపు తెరిచి పెట్టెలు దించుతున్నారు. మొదటి పెట్టెలో జెల్లలు. రెండో పెట్టెలో జెల్లలు. తిరుపతయ్య బూడిద గంప కింద పెట్టి దగ్గరికి వెళ్లాడు. కడుపులు తెల్లగా, ఉబ్బి ఉన్నాయి. మగవాటి పొట్ట కింద చర్మం ముడతలు పడి మెత్తబడి ఉంది, కాపలాకు కూర్చున్న వాటికి అయ్యేటట్టు. బొటనవేలు పెట్టి చూడాల్సిన పనే లేదు. అవన్నీ ఎక్కడివో తెలుస్తూనే ఉంది.

వెనకనుంచి నాగమ్మ గొంతు వినపడింది. గట్టిగా కాదు.

"ఏమయ్యా. మా అక్కొచ్చింది."

ఎరువుల కొట్టు జయకృష్ణగారు కొన్నారట దాన్ని. ఇద్దరు మోసుకొచ్చి కత్తిపీట ముందు పడేశారు. జన విడిగా కట్టివ్వమ్మా, పిల్లలకు వేపుడు కావాలి అని ఆయన చెప్తున్నాడు. పై పెదవి మీద పాత చీలిక తెల్లగా మానిపోయి ఉంది.

నాగమ్మ మొగుడి వైపు చూసింది. వెనక ముప్పై మంది నిలబడి ఉన్నారు. కోయనంటే పక్కన ఇంకో కత్తిపీట ఉంది. అక్కడ కోస్తారు, అంతే. తిరుపతయ్య సంచిలోంచి ఇనపస్కేలు తీశాడు. ఒక స్కేలుకు సరిపోదు, గుర్తుపెట్టి జరిపి జరిపి కొలిచాడు. నూట తొమ్మిది సెంటీమీటర్లు. ముందు రెక్క ముల్లు విరిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాగమ్మ పొట్ట చీరింది. జన రెండు పాయలుగా, దిండంత బయటికొచ్చింది. గుడ్లు ఇంకా ఒకదానికొకటి అంటుకొనే ఉన్నాయి, విడివడలేదు. వేలితో తాకి చూసి నాగమ్మ అంది, ఇంకో పది రోజులు ఆగి ఉంటే సరిపోయేది అని. కవర్లో పెట్టి ముడి వేసి జయకృష్ణగారికి అందించింది. వెంటనే తర్వాతి చేప తీసుకుంది.

శివ వ్యాను దగ్గరే ఉన్నాడు, టీ తాగుతూ. తిరుపతయ్య వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. తిట్టడానికే వెళ్లాడు.

"నువ్వా గుడ్డ కట్టకపోతే నాకు చచ్చినా తెలిసేది కాదు మామా," అన్నాడు శివ. అందులో ఎకసెక్కెం లేదు, కొంచెం జాలి కూడా ఉంది. "మూడేళ్లుగా వెతుకుతున్నాం ఆ చోటు కోసం. గుడ్డ మాత్రం ముట్టుకోలేదు. దాన్ని తప్పించే లాగాం."

ఆ చివరిమాట వాడు మర్యాదగానే అన్నాడు. గుడ్డను ముట్టకూడదని వాడికి తెలుసు. ఎందుకు ముట్టకూడదో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఉష ఫోన్ చేసింది. సంగతి చెప్పాడు. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆమె అడిగింది మాత్రం ఎన్ని కొలిచావు బాబాయ్ అని. యాభై మూడు అన్నాడు. ముళ్లు ఉంచావా అంటే ఉంచానన్నాడు. ఆమెను తప్పుపట్టడానికి కూడా ఏమీ లేదు, చెయ్యగలిగింది అదొక్కటే.

"నూట తొమ్మిదా? ఇంత పెద్ద ఆడది నా లెక్కలో ఇదే మొదటిది బాబాయ్."

"చివరిది కూడా అదేనని రాసుకో తల్లీ."

తిన్నె మీద గుడ్డ అలాగే ఉంది. తిరుపతయ్య నెలాఖరు దాకా విప్పలేదు. వలకు చిక్కనివి లోతులో ఏవైనా ఉంటే, ఆలస్యంగానైనా వస్తాయేమోనని రోజూ వెళ్లి గుండు వదిలేవాడు. మొదటి వారం గులక అంటింది, దానికి అక్కడక్కడ ఎండిన చర్మం లాంటి తెల్లటి పొర, కాపలా లేక చచ్చిన గుడ్లది. తర్వాతి వారం గులకతో పాటు బురద. వల రేపిన మట్టంతా మెల్లగా కిందికి దిగుతోంది, ఊడ్చే తోకలు లేవు. జూన్ ఆఖరు రోజున గుండు అడుగుకు తగిలిన చప్పుడే చేతికి తెలియలేదు. మెత్తగా దిగబడింది. పైకి లాగితే మైనం కనపడనంత నల్లటి బురద.

సొరబుర్ర పక్కకు పుట్టి నడిపి, పళ్లతో ముడి లాగి గుడ్డ విప్పాడు. సొరబుర్రను అట్లాగే వదిలేశాడు.

ఇంటికొచ్చేసరికి నాగమ్మ పొయ్యి దగ్గర ఉంది. గులకా బురదా అని అడగలేదు. అతని చేతిలో గుడ్డ చూసింది. పసుపు చానావరకు పోయి, అంచులు పీచులు లేచి ఉంది.

"ఈసారి ఎన్ని రోజులుంది?"

"నలభై రెండు."

ఆమె తల ఊపి గుడ్డ తీసుకుంది. కొళాయి కింద పిండి, తీగ మీద ఆరేసింది. తెల్లారి మొదటి ఆటోకు పోతూ, అంచు ఎవరికీ తగలకుండా కత్తిపీటకు దాన్నే చుట్టి సంచిలో పెట్టుకుంది.